ఓణీల ఫంక్షన్‌లో తప్పు రొయ్యలదా, నీళ్ళదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరండి. పోయిన ఆదివారం మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ చేశాం. 300 మంది దాకా వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనాలు మొదలయ్యాయి. సోమవారం సాయంత్రం నుంచి ఒక్కొక్కళ్ళకీ కడుపులో మెలిపెట్టడం, మోషన్స్, కొందరికి జ్వరం. బుధవారానికి 60 మంది దాకా తేలారు. భోజనం చెయ్యకుండా నిమ్మరసం మాత్రం తాగి వెళ్ళిపోయిన పంతులుగారికి కూడా ఇదే బాధ. బంధువులంతా రొయ్యల ఇగురే కారణమంటున్నారు, వంటమేస్త్రికి మిగిలిన డబ్బులు ఇవ్వొద్దంటున్నారు. ఆయన 20 ఏళ్ళుగా మా ఇంట్లో ప్రతి శుభకార్యానికీ వండుతున్నాడు. నీళ్ళంటారా, ఆర్వో ప్లాంటు టిన్నులే తెప్పించాం, టీడీఎస్ 60 అని మీటరు పెట్టి మరీ చూపించారు. మా మేనల్లుడికి ఎనిమిదేళ్ళు. వాడికి గురువారం ల్యాబ్‌లో టైఫాయిడ్ పాజిటివ్ వచ్చిందని మా ఊరి ఆర్ఎంపీ గారు రోజూ ఇంజెక్షన్ చేస్తున్నారు. తప్పు ఎవరిది? ఇప్పుడేం చెయ్యాలి?

సమాధానం: ముందు పిల్లాడి సంగతి చూద్దామమ్మా, రొయ్యల సంగతి తరవాత.

ఆదివారం తిన్నదానికో తాగినదానికో గురువారానికి టైఫాయిడ్ బయటపడదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంట్లోకి వెళ్ళాక జ్వరం మొదలవడానికి మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది. పైగా ఆ ల్యాబ్‌లో చేసింది విడాల్ పరీక్ష అయి ఉంటుంది, మన వైపు జ్వరమంటే ముందు రాసేది అదే. 1896 నాటి పరీక్ష అది. బ్యాక్టీరియాని చూడదు, దాని మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తుంది. అవి పైకి రావడానికే వారం పైన పడుతుంది. ఎప్పుడో రెండేళ్ళ క్రితం వచ్చి పోయిన జ్వరం వల్లా, టీకా వల్లా, టైఫాయిడ్‌కి చుట్టమైన వేరే సాల్మొనెల్లా వల్లా కూడా అది పాజిటివ్ చూపించగలదు. అందుకని ఆ కాగితాన్ని పట్టుకుని రోజూ ఇంజెక్షన్ పొడిపించకండి. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఇప్పటిదాకా చేసిన ఇంజెక్షన్ పేరు చీటీ మీద రాయించుకుని మరీ వెళ్ళండి, బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష, అవసరమా అని నోరు తెరిచి అడగండి. టైఫాయిడ్‌ని తేల్చడానికి నమ్మదగ్గది కల్చరే. అది కూడా యాంటీబయాటిక్ పడకముందు తీసిన రక్తంతో చేస్తేనే బాగా దొరుకుతుంది, మందు పడ్డాక బ్యాక్టీరియా ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. నిజంగా టైఫాయిడే అని తేలితే మాత్రం డాక్టరు చెప్పిన కోర్సు పూర్తిగా వాడాలి, జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు.

ఈ విషయంలో నాకు బాధ ఎక్కువ, కొంచెం చెప్పనివ్వండి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. అది తయారైన అమెరికా పరిశోధన సంస్థలో ఆ పనికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కలరాకి ఈనాటికీ వాడుతున్న డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. అలాంటి మందుల్ని ప్రతి మోషన్‌కీ ప్రతి జ్వరానికీ వాడేసి, ఒకప్పుడు టైఫాయిడ్‌కి చక్కగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్‌ని మన దేశంలో చాలావరకు పనికిరాకుండా చేసుకున్నాం. మామూలు నీళ్ళ విరేచనాలకి, పిల్లలకైనా పెద్దలకైనా, ఎక్కువసార్లు యాంటీబయాటిక్ అక్కర్లేదు. రక్తం పడితే, కలరా అనుమానం ఉంటే, జ్వరం తగ్గకుండా లాగుతుంటే, అప్పుడు డాక్టరు నిర్ణయిస్తారు.

మోషన్స్ ఏవైనా ఎప్పుడూ కావలసింది ఓఆర్ఎస్ ఒక్కటే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పెట్టి, పట్టి తాగించమని చుట్టాలకే అప్పగించారు. 100కి 30 మంది దాకా పోతున్నచోట చావులు 4 లోపుకి పడిపోయాయి. కడుపు ఎంత పాడైనా పేగు గోడలో ఒక దారి తెరిచే ఉంటుంది, గ్లూకోజు లోపలికి పోతూ ఉప్పుని వెంటబెట్టుకుపోతుంది, ఉప్పు వెనకాల నీళ్ళు పోతాయి. పంచదార రుచి కోసం కాదని అందుకే చెబుతున్నాను. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకి కొంచెం చొప్పున అందాజుగా పోసి కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అయ్యి పిల్లలకి ప్రమాదం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చదరంగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. మన కోనసీమలో అందరూ బోండం కొట్టి ఇచ్చేస్తారు. ఇవ్వండి, మంచిదే, కానీ కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, మోషన్స్‌లో పోయేది ముఖ్యంగా సోడియం, కాబట్టి అది ఓఆర్ఎస్‌కి బదులు కాదు. దుకాణాల్లో డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్ళరసాలు అసలే కావు. పిల్లలకి దాంతోపాటు జింకు మాత్రలు 10 నుంచి 14 రోజులు ఇస్తారు, ఆశా వర్కర్‌ని అడిగితే ఉంటాయి. మోషన్స్ ఆపే బిళ్ళలు పిల్లలకి మీ అంతట మీరు వెయ్యకండి. కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలుగా ఒంటికి పోకపోయినా, మగతగా ఉన్నా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, విరేచనంలో రక్తం ఉన్నా, ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక రొయ్యలు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం పంతులుగారిది.

ఇలాంటి చోట మేం ముందు చూసేది గడియారం. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే అది బ్యాక్టీరియా ముందే వదిలిపెట్టిన విషం, చేతి పుండు నుంచి పాలకోవాలోకి పోయిన స్టెఫైలోకాకస్ కావచ్చు, పొద్దున్న వండి గంటల తరబడి గుట్టగా ఉంచిన అన్నంలో పెరిగిన బాసిల్లస్ కావచ్చు. ఈ రెండు విషాలూ మళ్ళీ వేడిచేసినా పోవు. ఆరు నుంచి 24 గంటల్లో జ్వరం లేకుండా నొప్పీ విరేచనాలూ అయితే పెద్ద గంగాళంలో వండి నిదానంగా చల్లారిన మాంసం కూర మీద అనుమానపడతాం. మీవాళ్ళకి మొదలైంది 28, 30 గంటల తరవాత, అదీ రెండు రోజుల పాటు ఒకరి తరవాత ఒకరికి, కొందరికి జ్వరంతో. ఇది పేగుల్లోకి వెళ్ళి అక్కడ పెరిగే బ్యాక్టీరియా నడక, షిగెల్లా, సాల్మొనెల్లా, కొన్ని రకాల ఈ-కోలి ఇలా చేస్తాయి. ఇవి మనిషి మలం నుంచో జంతువుల నుంచో నీళ్ళ ద్వారానో చేతుల ద్వారానో తిండిలోకి చేరతాయి. రొయ్యలకి సంబంధించిన బ్యాక్టీరియా వేరే ఉంది, విబ్రియో పారాహీమోలిటికస్ అంటారు, 1950లో జపాన్‌లోని ఒసాకాలో 272 మందికి జబ్బు చేసి 20 మందిని చంపినప్పుడు మొదట పట్టుకున్నారు. అది ఉప్పునీటి జీవాల్లో ఉంటుంది. దానికీ ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు, కాబట్టి మీ బంధువుల అనుమానం ఉత్తినే కొట్టిపారేసేది కాదు. కానీ సలసలా ఉడికిన ఇగురులో అది బతకదు. పచ్చి రొయ్యలు ఒలిచిన చేత్తోనో కత్తితోనో పెరుగుచట్నీకి ఉల్లిపాయలు తరిగితే అది వేరే సంగతి.

మరి తేలేదెలా? లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ నీళ్ళు తాగారో అడిగి రాసుకున్నాడు. బ్యాక్టీరియా అనేది కలరాకి కారణమని అప్పటికి లోకానికి తెలీదు. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలోని చేతిపంపు చుట్టూ జనం చచ్చిపోతున్నారు, కానీ ఆ పక్కనే ఉన్న సారాబట్టీలాంటి బీరు ఫ్యాక్టరీలో పనివాళ్ళకి ఏం కాలేదు, వాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగరు. ఇంకోపక్క ఊరికి మైళ్ళ దూరంలో హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక పెద్దావిడ కలరాతో పోయింది. ఆవిడకి ఆ పంపు నీళ్ళ రుచంటే ఇష్టం, రోజూ బండిమీద తెప్పించుకునేది. దగ్గరే ఉండి తప్పించుకున్నవాళ్ళూ, దూరంగా ఉండి పడిపోయినవాళ్ళూ, వీళ్ళే అసలు సంగతి చెబుతారు. మీ పంతులుగారు ఆ హాంప్‌స్టెడ్ పెద్దావిడ లాంటివారు. రొయ్యలు ముట్టని మనిషి, అన్నం కూడా తినని మనిషి, నిమ్మరసం తాగి మంచం ఎక్కారు.

ఒక్క మనిషితో ఏదీ రుజువైపోదు, ఆయన ఇంకెక్కడో ఏదో తాగి ఉండొచ్చు. అందుకని ఒక నోటుపుస్తకం తీయండి. వచ్చిన చుట్టాల్లో 100, 150 మందికి ఫోన్ చెయ్యండి. పేరు, వయసు, జబ్బు చేసిందా లేదా, చేస్తే ఏ రోజు ఎన్ని గంటలకి, రొయ్యలు తిన్నారా, కోడికూర తిన్నారా, పెరుగుచట్నీ, కోవా, నిమ్మరసం, టిన్ను నీళ్ళు, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నీళ్ళు, అన్నీ అడగండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, జబ్బు చేసినవాళ్ళనే అడుగుతారు. పడ్డవాళ్ళంతా రొయ్యలు తిన్నారు అంటారు. నిజమే, బాగున్నవాళ్ళు కూడా తిన్నారు కదా, ఓణీల ఫంక్షన్‌లో రొయ్యల ఇగురు ఎవరు వదులుకుంటారు! అందుకే బాగున్నవాళ్ళని కచ్చితంగా అడగాలి. లెక్క ఎలా ఉంటుందో ఉత్త ఉదాహరణగా చెబుతాను: 200 మందిని అడిగితే 50 మంది పడ్డారనుకోండి. రొయ్యలు తిన్న 100 మందిలో 26 మంది, తినని 100 మందిలో 24 మంది పడితే రొయ్యలకి సంబంధం లేనట్టే. అదే నిమ్మరసం తాగిన 100 మందిలో 45 మంది, తాగని 100 మందిలో ఐదుగురే పడితే ఇంక మీకు ఏ ల్యాబూ చెప్పక్కర్లేదు, ఎటు చూడాలో తెలిసిపోయింది. పెద్ద పెద్ద పరిశోధనా సంస్థలవాళ్ళు వచ్చినా మొదటి రోజు చేసేది ఈ లెక్కే.

నిమ్మరసంలో ఏముంటుంది? నీళ్ళు, పంచదార, నిమ్మకాయ, మే నెల కాబట్టి ఐసు. ఆ ఐసు ఎక్కడిదో కనుక్కోండి. మన కోనసీమలో చేపలకీ రొయ్యలకీ వాడే ఐసు గడ్డలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. గోనెపట్టాలో చుట్టి, ఊకలో పెట్టి, నేలమీద పడేసి పగలగొడతారు. అది చేపల్ని చల్లగా ఉంచడానికి చేసింది, తాగడానికి చేసింది కాదు. గడ్డకట్టినంత మాత్రాన బ్యాక్టీరియా చావదు, నిద్రపోతుంది, అంతే. నిమ్మరసంలో పులుపు ఉంది కదా అంటారు, డ్రమ్ముకి పాతిక నిమ్మకాయలు పిండితే ఆ పులుపు చాలదు. షిగెల్లా అయితే వంద లోపు బ్యాక్టీరియా కడుపులోకి పోయినా జబ్బు చేస్తుంది.

టిన్ను నీళ్ళ సంగతి కూడా తేల్చాలి. టీడీఎస్ మీటరు చెప్పేది నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, కరెంటు ఎంత పారుతుందో చూసి చెబుతుంది. ఆ నీళ్ళలో లీటరుకి కోటి బ్యాక్టీరియా ఉన్నా 60 అనే అంకె కదలదు. మన సముద్రతీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అందుకని ఉప్పు పోతే నీళ్ళు బాగుపడ్డట్టే అని మనకి మనసులో పడిపోయింది. ఆర్వో పొర ఉప్పుతో పాటు బ్యాక్టీరియాని కూడా చాలావరకు ఆపుతుంది, కాదనను. కానీ క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుందని ముందే కార్బన్ పెట్టి క్లోరిన్‌ని తీసేస్తారు. బయటికొచ్చిన నీళ్ళకి ఇంక కాపలా లేదు. తరవాత ట్యాంకు, పైపు, సరిగ్గా కడగని టిన్ను, దాని మూత, నీళ్ళు పోసే మనిషి చెయ్యి, ఫంక్షన్‌లో టిన్నులు వంపిన డ్రమ్ము, ఆ డ్రమ్ములో మణికట్టు దాకా ముంచిన జగ్గు, వీటిలో ఎక్కడ మురికి తగిలినా దాన్ని చంపడానికి నీళ్ళలో ఏమీ లేదు. నేను నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో ఒక ప్లాంటు నుంచి శాంపిల్ తెచ్చాం, మిషను దగ్గర పట్టింది శుభ్రంగా ఉంది, అదే ప్లాంటు వాళ్ళు ఇంటికేసిన టిన్నులో నుంచి తీసింది పాడైపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో టిన్ను నీళ్ళు కాచకుండా తాగలేదు. మన ప్రమాణాల ప్రకారం తాగేనీళ్ళు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలి కూడా ఉండకూడదు. పంచాయతీ కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసన వస్తున్నాయని పారబోసి టిన్నులు కొంటున్నాం. లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే ఆ కొంచెం వాసనే మిమ్మల్ని కాపాడేది. అయితే వేసవిలో కాలవలు కట్టేశాక కుళాయిలకి నీళ్ళిచ్చే చెరువులో నీళ్ళు అడుగుకి పోయి పచ్చబడతాయి, ఆ మురికే క్లోరిన్‌ని తినేస్తుంది, వేసినంత వేసినా కుళాయి దాకా మిగలదు. అందుకని కుళాయి నీళ్ళని కూడా గుడ్డిగా నమ్మమనను, పంచాయతీలో క్లోరోస్కోప్ అని నీళ్ళలో మిగిలిన క్లోరిన్‌ని చూసే చిన్న కిట్టు ఉంటుంది, మీ ఇంటి కుళాయి దగ్గరే పెట్టి చూపించమనండి, పసుపు రంగు తేలాలి.

మీ నీళ్ళు మీరే చూసుకోవాలంటే నల్లబడే సీసా ఒకటుంది. 1982లో గ్వాలియర్‌లోని రక్షణశాఖ పరిశోధనశాల నుంచి మాంజా, మౌర్య, రావు అనే ముగ్గురు ప్రచురించిన పద్ధతి, మన దేశంలో పుట్టి చాలా దేశాలకి పోయింది. చిన్న సీసాలో మందు రాసిన కాగితం ముక్క ఉంటుంది, గీత దాకా నీళ్ళు పోసి మూతపెట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్ళలో మలం కలిసిందని అనుమానించాలి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో అడగండి. నల్లబడ్డాక మాత్రం మూత తియ్యకండి, వాళ్ళకే ఇచ్చెయ్యండి.

ప్రస్తుతానికి తాగేనీళ్ళు తెర్లే దాకా కాచండి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. కాచడం కుదరకపోతే ఏఎన్ఎం దగ్గర క్లోరిన్ మాత్రలు తీసుకోండి, ఎన్ని లీటర్లకి ఒకటో అట్టమీద ఉంటుంది, వేసి అరగంట ఆగాలి. మా అమ్మ కాలవ నీళ్ళని పాత నేతచీర నాలుగు మడతలు వేసి వడగట్టేది, ఇది వట్టి చాదస్తం కాదు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో రీటా కోల్వెల్ బృందం ఇలాగే పాత చీరలతో వడగట్టించి చూస్తే కలరా దాదాపు సగం తగ్గింది, 48 శాతం, ఆ ఫలితం 2003లో వచ్చింది. కలరా బ్యాక్టీరియా నీళ్ళలోని సన్నటి పురుగులకి అతుక్కుని ఉంటుంది, చీర ఆ పురుగుల్ని పడుతుంది. విడిగా ఈదే బ్యాక్టీరియాని పట్టదు, కాబట్టి వడగట్టాక కూడా కాచాల్సిందే. బిందెలో గ్లాసు ముంచడం మానేసి కుళాయి ఉన్న పాత్ర పెట్టుకోండి. జబ్బు చేసినవాళ్ళు తగ్గాక కూడా ఇంకో రెండు రోజులు వంటింట్లోకి రాకూడదు, ఇప్పుడు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోకపోతే ఫంక్షన్‌కి రానివాళ్ళకి కూడా మీ ఇళ్ళల్లోనే అంటుకుంటుంది.

ఇంకో పని ఈరోజే చెయ్యాలి. 60 మందికి ఒకేసారి వచ్చిందని పీహెచ్‌సీలో చెప్పండి. చాలామంది పరువు పోతుందని చెప్పరు. ఏఎన్ఎం రాసే ఫారం జిల్లాకి వెళ్తేనే ఎవరైనా వచ్చి ఇంకా మోషన్స్ అవుతూ, యాంటీబయాటిక్ పడని ఇద్దరు ముగ్గురి మలం శాంపిల్ తీస్తారు, ప్లాంటు నీళ్ళూ ఐసూ పరీక్షకి పంపుతారు. వచ్చే ఆదివారం అదే ప్లాంటు టిన్నులు, అదే ఐసు ఇంకో ఇంటి పెళ్ళికి వెళ్తాయి కదమ్మా.

మేస్త్రిగారి డబ్బులు ఆపకండి. లెక్క తేలకుండా ఆయన కూలి పట్టుకోవడం అన్యాయం, 20 ఏళ్ళుగా మీ ఇంట్లో ప్రతి శుభకార్యానికీ ఆయనే వండుతున్నారని మీ ఉత్తరమే చెబుతోంది. డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆ నోటుపుస్తకం కూడా పట్టుకెళ్ళండి, మొదటి పేరు ఆయనదే రాయండి. నిమ్మరసం కలిపిందెవరు, ఏ నీళ్ళతో, ఐసు ఎన్నింటికి వచ్చింది, ఎవరు తెచ్చారు, దేంతో పగలగొట్టారు, ఇవన్నీ ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడ్డ ఆయనకీ ఆయన మనుషులకీ తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. వాళ్ళలో ఎవరికైనా మోషన్స్ అయ్యాయేమో, ఫంక్షన్‌కి ముందా తరవాతా అన్నది కూడా అడిగి రాసుకోండి.